కొస కరీంనగర్‌ది, మొదలు మంచిర్యాలది

మా సందు మొగదల ఈ మధ్య పూల్ ఆడే పార్లర్ ఒకటి తెరిచారు. అక్కడ కొత్తగా పనికి కుదిరిన సాగర్ మొన్న ఒక కర్ర పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. రెండు ముక్కలుగా ఊడదీసి, మళ్లీ కలిపి బిగించుకునే కర్ర అది. ఒక కర్ర కింది సగానికి ఇంకో కర్ర పై సగం బిగించబోతే పై సగం నిలువునా చీలిందట.

"తాతా, రెండూ ఒక్క తీర్గనే ఉండె గద. గీడ మేకు, గాడ తొర్ర. ఎందుకు పట్టలే?" అన్నాడు.

"పడతలేదని నీకు ఎప్పుడు తెలిసింది బిడ్డా?"

"రెండు చుట్లు తిరిగి ఆగింది. జర జోరు పెట్టిన."

ఆ 'జర జోరు' దగ్గరే మా వృత్తిలో మంచివాడూ చెడ్డవాడూ తేలిపోతారు. సాగర్‌కు చాయ్ పోయించి చాలా చెప్పాను. ఆ చెప్పినదంతా, ఈ పనిలోకి వచ్చే మిగతా పిల్లల కోసం కూడా రాసిపెడుతున్నాను.

నా పేరు సదానందం. వడ్లవాళ్ల ఇంట్లో పుట్టాను. బండి చక్రాలు చేసుకుని బతకాల్సినవాణ్ణి కరీంనగర్‌లో ఆఫీసర్ల క్లబ్బులో చేరి, బిలియర్డ్స్ కర్రలు బాగుచేస్తూ, ఆటలో లెక్క చెప్పే మార్కరుగా ముసలివాణ్ణయ్యాను. ప్రమోషన్ల గురించి రాయడానికి నా దగ్గర ఏమీ లేదు. మార్కరుకు పైన ఉండేది బల్ల మీద వేలాడే దీపం ఒక్కటే.

మేకు మాట వినాలి

కర్రలో లావు సగాన్ని మేము మొదలు అంటాం, సన్న సగాన్ని కొస అంటాం. మొదలు నెత్తిన ఒక ఇత్తడి మేకు పొడుచుకుని ఉంటుంది. మేకు చుట్టూ మెలికగా కోసిన గాడులను మా దిక్కు చూడీలంటారు. కొస అడుగున ఇత్తడి గూడు ఉంటుంది. ఆ గూడు లోపలి చూడీలు మేకు మీది చూడీలకు సరిపోవాలి.

చూడ్డానికి మేకులన్నీ అన్నదమ్ముల్లాగే ఉంటాయి. ఒక పనివాడు చూడీలు ఒత్తుగా కోస్తాడు, ఇంకొకడు ఎడంగా కోస్తాడు. ఒకడి మేకు గోరంత లావెక్కువ. చూడీలు సరిపోయినా అంతటితో అయిపోలేదు. మొదలు ముఖమూ కొస ముఖమూ పూర్తిగా ఆనాలి. మధ్యలో కాగితం దూరిందంటే, బంతిని కొట్టిన దెబ్బ చేతికి తెలియకుండా ఆ సందులోనే చచ్చిపోతుంది. ఆడేవాడు తన చేతిని తిట్టుకుంటాడు, పెళ్లాన్ని తిట్టుకుంటాడు, జాయింటు మాత్రం చూసుకోడు.

అందుకని మొదటి చుట్లు వేలికొసలతోనే తిప్పాలి. ఆగితే ఆగాలి. మణికట్టు వాడేది చివర బిగించడానికే. ఎండాకాలంలో కర్ర ఎండి గూడు కదులుతుంది, వానాకాలంలో ఉబ్బి బిగుసుకుంటుంది. ఆ బిగువుకు వానలు తగ్గేదాకా ఓపిక పట్టడమే మందు. మా క్లబ్బులో ఒక డాక్టరు గారు ఓపిక లేక జాయింటులో ఆముదం పోశారు. ఆముదం తాగి కర్ర ఇంకా ఉబ్బింది, లోపలి గూడు వదులైంది. నాలుగు రోజుల తర్వాత ఆయన గట్టిగా ఒక దెబ్బ కొడితే, బంతి కంటే ముందు కొస బల్ల దాటింది. ఆయన రోగులకు కూడా అన్నిటికీ ఆముదమే రాస్తాడని ఊళ్లో చెప్పుకునేవారు. నేను నమ్మాను.

గౌస్ మియా

నాకు ఈ పని నేర్పినవాడు గౌస్ మియా. మా ఉస్తాద్. ఒక జాగీర్దారు బంగళాలో బిలియర్డ్స్ గదిని చూసుకునేవాడు. పోలీసు చర్య తర్వాత జాగీర్లు పోయాయి, జాగీర్దారు హైదరాబాదు వెళ్లిపోయాడు, బల్ల మా క్లబ్బుకు వచ్చింది. బల్ల వెంట గౌస్ మియా కూడా వచ్చాడు. "నన్ను ఎవ్వరు పిలువలే బేటా. బల్లతోని వచ్చిన సామానుల నేనొకన్ని" అనేవాడు.

భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. క్లబ్బు వాళ్లు హాలు వెనక ఒక గది ఇచ్చారు. అదే ఆయన ఇల్లు. పొద్దున లేచి ముందు బల్ల మీది పచ్చ బనాతు గుడ్డను బ్రష్షుతో ఒకే దిక్కుకు దువ్వి, ఆ తర్వాతే మొహం కడుక్కునేవాడు. ఆఫీసర్లను పొగిడినట్టే దెప్పడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. తహసీల్దారు గారి దెబ్బ తప్పిపోతే, "వాహ్ సాబ్, బంతి మిమ్ముల చూసి భయపడి పక్కకు జరిగింది" అనేవాడు. తహసీల్దారు సంతోషపడేవాడు.

న్యాయమైన పంపకం

జాగీర్దారు బంగళా సామాను పంచిన తీరు చెప్పకపోతే మిగతాదేదీ మీకు అర్థం కాదు.

సామానును మా క్లబ్బుకూ, గోదావరి అవతల ఆదిలాబాద్ జిల్లాలో మంచిర్యాల క్లబ్బుకూ సమానంగా పంచమని సర్కారు నుంచి హుకుం వచ్చింది. బల్ల ఒక్కటే. మంచిర్యాలలో అప్పటికే ఒక బల్ల ఉంది కనుక ఇది మాకు వచ్చింది, లేకపోతే రంపం తెచ్చేవారు. బంతులు రెండు జతలుండబట్టి బతికిపోయాయి. కర్రలు ఆరు. అన్నీ ఒకే కంపెనీవి, అన్నిటి మేకులూ ఒకటే, అన్నీ రెండేసి ముక్కలుగా ఊడదీసి పెట్టెలో పడుకోబెట్టి ఉన్నాయి.

పంచడానికి వచ్చిన రెవెన్యూ పేష్కారు మహా నిజాయితీపరుడు. జీవితంలో బిలియర్డ్స్ చూసి ఎరగడు. ముక్కలు లెక్కపెట్టాడు, పన్నెండు. తలా ఆరు. మంచీ చెడూ కలిపి పంచాడన్న మాట రాకుండా లావువి ఒక పక్కా సన్నవి ఒక పక్కా పేర్చి, మీకేవి కావాలో కోరుకోండి అన్నాడు.

మా తరఫున వెళ్లింది వకీలు నర్సింగరావు. అన్నదమ్ముల పంపకాల దావాలలో ఆయనకు ఎదురు లేదు. సన్నవి తెల్లగా, నున్నగా, సీమ సరుకులా మెరుస్తున్నాయి. లావువి చెమటకు నల్లబడి ఉన్నాయి.

"సన్నయి మాకు" అన్నాడు వకీలు.

పక్కనే ఉన్న గౌస్ మియా ఆగలేకపోయాడు. "వకీల్ సాబ్, గవి జోడీలు. ఒకటి లేకుంటె ఒకటి పనికిరాదు."

"పంపకం సంగతి నాకు చెప్తున్నవా గౌస్ మియా? నువ్వు బంతులు ఏరుకో."

మంచిర్యాల వాళ్లు లావు కట్ట ఎత్తి చూసుకుని, ఎక్కువ కర్ర తమకే వచ్చిందని మురిసిపోయారు. ఆ సాయంత్రం రెండు ఊళ్లవాళ్లూ ఎదుటివాణ్ణి ముంచామన్న సంతోషంతో ఇళ్లకు వెళ్లారు. అలా ఆరు కొసలు కరీంనగర్‌కూ, ఆరు మొదళ్లు మంచిర్యాలకూ చేరాయి.

తెలిసిన తర్వాతైనా మూడిచ్చి మూడు తెచ్చుకోవచ్చు కదా అంటారు. "ముందు మీరు పంపుండ్రి" అని వాళ్లూ, "ముందు మీరే పంపుండ్రి" అని మేమూ కొన్నేళ్లు కూర్చున్నాం. పైగా వకీలు ఒప్పుకోడు. ఒప్పుకుంటే తాను కోరుకున్నది తప్పని ఒప్పుకున్నట్టు. ఎవరు కదిలించినా ఒకటే మాట అనేవాడు: "ఒక్కసారి అయిన పంపకాన్ని తిరగదోడొద్దు. తిరగదోడిన ఇల్లు ఆగమైతది."

ఊరికో మేకు

ఆ కొసలకు మొదళ్లు చేయడానికే నన్ను పనిలో పెట్టుకున్నారు. జిట్రేగి కర్ర దొరికింది, చెక్కాను. ఇత్తడి మేకుల దగ్గర చిక్కొచ్చింది. పాత కంపెనీ చూడీ కోసే పనిముట్టు నా దగ్గర లేదు. బోరింగు రాడ్డు ఒకటి, పాత పెట్రోమాక్సు గొట్టం ఒకటి, ఏది దొరికితే దానితో మేకు చేశాను. ఒకదాని చూడీ ఇంకోదానికి కలవదు. మేకు మారితే గూడూ మారాలి కనుక, కొసల్లో ఉన్న పాత గూళ్లు తొలిచి తీసేసి కొత్తవి దిగ్గొట్టాను.

ఐదు కొసలు అలా అయ్యాయి. ఆరోది తీసుకోబోతే గౌస్ మియా నా చేతిలోంచి గుంజుకున్నాడు.

"దీన్ని ముట్టకు బేటా. దీని మొదలు ఎప్పుడో ఒకనాడు వస్తది."

"ఎక్కడికెల్లి వస్తది ఉస్తాద్? గోదావరి దాటి నడ్సుకుంట వస్తదా?"

"నువ్వు నీ పని చూస్కో."

దాన్ని ఎర్ర గుడ్డలో చుట్టి తన గదిలో గోడ మేకుకు వేలాడదీశాడు. నేను చాలా రోజులు ఆయన్ను ఏడిపించాను. మొదలు రాలేదా, ఉత్తరం కూడా రాలేదా అనేవాణ్ణి. పిల్లల్లారా, ఆ రోజు నేను నేర్చుకోవాల్సింది పదేళ్లకు నేర్చుకున్నాను. చేతిలో ఎంత పనితనం ఉన్నా, పాత సరుకులో ఒక్కదాన్నైనా పుట్టినది పుట్టినట్టు ఉంచండి.

మంచిర్యాల వాళ్లు మాకంటే తెలివిగా చేశారు. మొదళ్లలో మేకులు కదపకుండా, వాటికి సరిపోయేటట్టు నాటు కొసలు చేయించుకున్నారు. కర్ర మోటుగా ఉన్నా, మేకు మాత్రం పాతదే.

వకీలు సాబు షర్తు

ఆంధ్రప్రదేశ్ వచ్చింది. పాత ఆఫీసర్లు బదిలీ అయ్యారు, కొత్తవాళ్లలో ఆడేవాళ్లు తక్కువ. ఒకరి కొస విరిగితే ఇంకొకరి కొస పట్టదు, ఎవరి కర్ర వాళ్లదే. వకీలు నర్సింగరావు సెక్రటరీ అయ్యాడు. ఆయనకు రమ్మీ పిచ్చి. చల్లగా, విశాలంగా ఉండే బిలియర్డ్స్ హాలు మీద ఆయన కన్ను పడింది.

"గౌస్ మియా, బల్ల అమ్మేస్తున్నం. గీ హాలుల పత్తాలు ఆడుకుంటం" అన్నాడొక రోజు.

"మరి నేను సాబ్?"

"బల్లతోని వచ్చినవు, బల్లతోని పో."

అది ఆయన హాస్యం. గౌస్ మియా నవ్వలేదు. ఆ వయసులో ఆయనకు ఇంకో పనీ లేదు, ఇంకో గదీ లేదు. ఆ రోజు వకీలు మీద నాకు పుట్టిన కోపం ఇన్నేళ్లకూ పూర్తిగా పోలేదు.

ఆడేవాళ్లు గొడవ చేస్తే వకీలు ఒక షర్తు పెట్టాడు. దసరా తర్వాత మంచిర్యాల క్లబ్బుతో పందెం ఆట. మేము గెలిస్తే బల్ల ఉంటుంది, ఓడితే అమ్మకం. మంచిర్యాల నుంచి ఆడేది బొగ్గు గనుల ఇంజనీరు సుబ్బారావు గారు. బందరు వైపు మనిషి, ఒంటరిగా ఉండేవాడు, చేయి తిరిగిన ఆటగాడు. మా వైపు ఆడేది ఫారెస్టు రేంజరు. రేంజరు ఎట్లా ఆడేవాడంటే, అడవిలో పులులు క్షేమంగా ఉండడానికి కారణం ఆయన గురి అని గౌస్ మియా అనేవాడు.

మొదలు ఇంటికి వచ్చిన రోజు

ఆదివారం పొద్దున ఇంజనీరు రైలులో పెద్దపల్లి దాకా వచ్చి, అక్కడ బస్సెక్కి వచ్చాడు. బస్సు టాపు మీద ఆయన కర్రల సంచి మీద ఎవరో మిరపకాయల బస్తా వేశారు. హాలులో సంచి విప్పితే నాటు కొస మెడ దగ్గర రెండుగా విరిగి ఉంది. మొదలుకు ఏమీ కాలేదు.

మా కొసలు ఒక్కొక్కటే తీసిచ్చాను. ఆయన వేలికొసలతో తిప్పేవాడు, ఆగగానే వెనక్కి తిప్పి ఇచ్చేసేవాడు. ఒక్కసారి కూడా జోరు పెట్టలేదు. ఆ క్షణంలోనే ఆయన మీద నాకు గౌరవం పుట్టింది. మా కర్రల్లో ఒకటి తీసుకోమంటే, తూకం తెలియని కర్రతో పందెం ఆడనన్నాడు.

"రూలు ప్రకారం... కర్ర లేనోడు ఓడినట్టే సార్" అన్నాడు వకీలు. పంటి నొప్పి ఉన్నవాడిలా అన్నాడు. మేము ఓడాలనే ఆయన కోరిక. కానీ రూలు తెలిసీ చెప్పకుండా ఉండడం వకీలుకు చేతకాదు. రేంజరు అప్పుడే మీసం దువ్వుకుంటున్నాడు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. ఆట లేకుండానే బల్ల దక్కింది, ఉస్తాద్ గది దక్కింది.

ఇటు తిరిగి చూస్తే, ఉస్తాద్ ఎర్ర గుడ్డ మూట చంకలో పెట్టుకుని వస్తున్నాడు.

చేయి పట్టుకుని పక్కకు గుంజాను. "ఉస్తాద్, మీకేమన్న అయ్యిందా? ఊకె నిలవడుండ్రి. మనం గెల్సినం."

"మొదలు గడప దాంక వచ్చిందిర. కొస లోపల కూసుంటదా?"

"గాయన గెలుస్తె మీరు రోడ్డు మీద పడుతరు."

"జర సబర్ చెయ్" అని నా చేయి విడిపించుకుని, కొసను ఇంజనీరు చేతిలో పెట్టాడు.

ఇంజనీరు వేలికొసలతో తిప్పాడు. ఒక చుట్టు, రెండు చుట్లు. ఆగలేదు. వెన్నలో దిగినట్టు దిగి, చివర చిన్నగా టక్కుమంది. నేను సిగరెట్ పెట్టెలోని పల్చటి కాగితం తీసి సందులో పెట్టి చూశాను, దూరలేదు. గౌస్ మియా ఆ కర్రను ఒకసారి అడిగి తీసుకుని, జాయింటు మీద బొటనవేలు పెట్టి నిమిరాడు. ఆయన కళ్లలో నీళ్లు నాకు కనిపించాయి. తర్వాత లెక్క చెప్పడానికి నిలబడ్డాడు.

ఆట గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. ఇంజనీరు ఆడాడు, రేంజరు చూశాడు. ప్రతి లెక్కనూ గౌస్ మియా నిబ్బరంగా గట్టిగా చెప్పాడు.

"షర్తు షర్తే గౌస్ మియా" అన్నాడు వకీలు చేతులు రుద్దుకుంటూ.

"షర్తే సాబ్."

ఇంజనీరుకు ఈ షర్తు సంగతేమీ తెలియదు. కర్రనే తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. "వకీలు గారూ, పదేళ్లుగా ఆడుతున్నాను కానీ ఈ మొదలు ఇంత బాగుంటుందని నాకు తెలియదండీ. ఈ కొస నాకిప్పించండి. ఏమిమ్మన్నా ఇస్తాను."

"తీస్కపోండి సార్. బల్లనే అమ్ముతున్నం, గీ పుల్ల మాకెందుకు?"

అప్పుడు గౌస్ మియా చేతులు కట్టుకుని, కోర్టులో సాక్షిలా నిలబడ్డాడు.

"వకీల్ సాబ్, గా కొస మీరు ఇయ్యరాదు."

"ఎందుకు ఇయ్యరాదు?"

"సర్కారు పంపకం. సన్నయి కరీంనగర్‌కు, లావుయి మంచిర్యాలకు. మీరే దగ్గరుండి కోరుకున్నరు. ఒక్కసారి అయిన పంపకాన్ని తిరగదోడొద్దని మీరే అంటరు. ఇప్పుడు మీరే తిరగదోడుతరా?"

హాలులో నవ్వు ఆపుకోవడం కష్టమైపోయింది. రేంజరు మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. పంపకం చెల్లదంటే తాను కోరుకున్నది తెలివితక్కువ పని అవుతుంది. చెల్లుతుందంటే కొస కదలదు.

"పంపకం పంపకమే" అన్నాడు వకీలు చివరికి.

ఇంజనీరు జాయింటు మీద వేలు పెట్టి గౌస్ మియాను అడిగాడు. "అయితే ఈ మొదలు ఇక్కడ వదిలి వెళ్లనా?"

"వద్దు సాబ్. గా మొదలు మంచిర్యాలది. మీతోనే రావాలె, మీతోనే పోవాలె."

"అంటే, ఈ కర్రతో ఆడాలంటే నేనే ఇక్కడికి రావాలన్నమాట."

"రావాలె సాబ్. బల్ల ఉంటె."

ఇంజనీరు వకీలు వైపు తిరిగాడు. "ఆదివారాలు వస్తానండీ. బల్ల ఉంటుందా?"

వకీలుకు రమ్మీ కంటే ఇష్టమైనది లోకంలో ఒక్కటే ఉంది, పెద్దాఫీసరు పక్కన కూర్చుని చాయ్ తాగడం. గోదావరి అవతలి నుంచి ఇంజనీరు తన క్లబ్బుకు వస్తాడనే సరికి ఆయన ముఖం విచ్చుకుంది. "మీరు వస్తనంటె బల్ల ఎక్కడికి పోతది సార్? సదానందం, సార్‌కు చాయ్ చెప్పు" అన్నాడు. రమ్మీ వరండాకు వెళ్లింది. బల్లను కాపాడింది తానేనని వకీలు ఆ తర్వాత అందరితో చెప్పుకున్నాడు, మేము కాదనలేదు.

అంతా ముందే అనుకుని చేశారా అని ఉస్తాద్‌ను అడిగాను. "అనుకుంటె గిట్ల కుదురుతదార పిచ్చోడా" అని మీసంలో నవ్వాడు. అది అబద్ధమో నిజమో ఇప్పటికీ నాకు తెలియదు.

మళ్ల వస్తది

ఇంజనీరు అన్నట్టే చాలా ఏళ్లు ఆదివారాలు వచ్చాడు. రాగానే సంచి విప్పేవాడు, గౌస్ మియా ఎర్ర గుడ్డ విప్పేవాడు, టక్కుమనేది. ఆట కొంచెం, మాటలు ఎక్కువ. అలాంటి చూడీ మన దేశపు లేతు మిషను మీద రాదని నేను అందరికీ చెప్పేవాణ్ణి. ఒకసారి మంచిర్యాల క్లబ్బు కర్రలు బాగుచేయడానికి వెళ్లి, ఇంజనీరు చేతికింద ఉన్న వర్క్‌షాపు చూశాను. అక్కడి లేతులు ఎలాంటి చూడీనైనా నిమిషాల్లో కోస్తాయి. నేను నోరు మూసుకుని బస్సెక్కాను.

ఆయనకు దూరం బదిలీ అయింది. చివరి ఆదివారం ఆట అయిపోయాక నేను ఉండబట్టలేక అడిగాను.

"సార్, మీ వర్క్‌షాపుల గీ మేకుకు కొస చేపియ్యలేరా?"

"పూటలో చేయిస్తాను."

"మరి ఇన్నేండ్లు...?"

"చేయిస్తే ఇక్కడికి రావడానికి నాకు ఇంకో వంక దొరకాలి కదయ్యా. ఆదివారం పూట అక్కడ నన్ను అందరూ సార్ అంటారు, ఒక్కడూ వెక్కిరించడు."

గౌస్ మియా తల వంచుకుని జాయింటు విప్పుతున్నాడు. ఆయనకు కూడా మొదటినుంచీ తెలుసని నాకు అప్పుడు అర్థమైంది. ఇంజనీరు మొదలును సంచిలో పెట్టుకున్నాడు. కొసను తీసుకొమ్మని ఉస్తాద్ ముందుకు చాపితే, ఆయన రెండు చేతులతో దాన్ని వెనక్కి నెట్టి, "పంపకం పంపకమే" అన్నాడు. ఇద్దరూ నవ్వబోయారు, ఇద్దరికీ చేతకాలేదు.

ఉస్తాద్ పోయే ముందు ఎర్ర గుడ్డ మూట నాకిచ్చాడు. అది ఇప్పుడు మా ఇంట్లో ఉంది. సాగర్ చాయ్ తాగుతూ దాన్ని చూశాడు, వేలు పెట్టి గూడు తడిమాడు.

"తాతా, మీ కొడుకుకు లేతు షాపు ఉన్నది గద. దీనికి మొదలు చేపిద్దామా? పార్లర్ల మస్తు పని చేస్తది."

"దాన్ని ముట్టకు బిడ్డా" అన్నాను. "దాని మొదలు మళ్ల వస్తది."